గురివిందల వారం

నేను ఒక వామనగుంటల పీటను. మూసి ఉంచితే చెక్క చేపలా కనిపిస్తాను. ఇత్తడి బందుల మీద విప్పితే అటు ఏడు గుంటలు, ఇటు ఏడు గుంటలు. మా ప్రాంతంలో కొందరు ఓమనగుంటలని కూడా అంటారు. ఏ పేరుతో పిలిచినా పలకలేను. అన్ని నోళ్లుండీ మూగగా పుట్టడం ఎంతటి శిక్షో ఒక శరత్కాలపు ఉదయం నాకు తెలిసివచ్చింది.

తలుపు చేయగా మిగిలిన టేకు ముక్కను పారేయడానికి మనసొప్పక ఒక వడ్రంగి నన్ను చేశాడు. నా తొలి జ్ఞాపకం ఉలి. ప్రతి గుంట దగ్గరా అది ఎక్కడైనా ఆగుతుందా, లేక అవతలి వైపుకే దిగిపోతుందా అని వణికాను. మనుషులు దాన్ని పనితనం అని మెచ్చుకుంటారు. చెక్క వైపు నుంచి చూస్తే దానికి పేరు వేరు.

మొదట కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఒక గార్డు భార్య చేతికి చేరాను. మధ్యాహ్నాలు ఇరుగుపొరుగు ఆడవాళ్లు నా చుట్టూ చేరేవారు. చింతపిక్కకు విలువేమీ లేదని వాళ్లందరికీ తెలుసు. అయినా ఒక్క పిక్క దగ్గర తగవు వచ్చి, ప్రాణస్నేహితురాళ్లు వానాకాలమంతా మాటలు మానేయడం చూశాను. ఆ ఇల్లాలు కొన్నాళ్లు చింతపిక్కలకు బదులు గురివింద గింజలతో ఆడింది. ఎరుపు మీద నల్లటి చుక్క, అద్దంలాంటి నునుపు. నా గుంటల్లో అంత అందమైనవేవీ ఎన్నడూ పడలేదు. ఆమె కూతురు పాకడం మొదలుపెట్టిన రోజున వాటన్నిటినీ ఒక డబ్బాలో పోసి, అటక మీదికి ఎక్కించి, చేతులు రెండుసార్లు కడుక్కుంది. ఆమె ముఖంలో కనిపించిన భయాన్నిబట్టి ఆ గింజలేమిటో నాకు అర్థమైంది.

తరువాత ఒక దర్జీ నన్ను గుండీల పెట్టెగా వాడుకున్నాడు. ఆటకోసం పుట్టి, ఏళ్ల తరబడి చొక్కాల గుండీలు మోశాను. అతని కొట్టు మూతపడ్డాక పాతసామాన్ల దుకాణంలో చేరి దుమ్ము పట్టి ఉండగా హైమవతి నన్ను కొన్నది.

హైమవతి హనుమకొండలో చిన్నపిల్లల బడిలో టీచరు. కొత్తగా చేరింది. బడి నడిపే పెద్ద మేడం మెప్పు పొందాలని తపించేది. ఆ బడిలో వారానికో పాఠ్యాంశం. అవన్నీ ఏదో చలిదేశంలో అచ్చయిన పుస్తకం చెప్పినట్టు జరగాలి. దసరా సెలవుల ముందు వచ్చింది శరదృతువు వారం. చెట్ల ఆకులు ఎర్రబడి రాలుతాయనీ, పిల్లలు వాటిని ఏరి అతికించాలనీ పుస్తకం శాసించింది. ఆశ్వయుజంలో మా ఊరి చెట్లకు ఆకు రాల్చే తీరికెక్కడిది? హైమవతి పచ్చి బాదం ఆకులు కోయించి, పిల్లలచేత వాటికి ఎర్రరంగు పూయించి, గోడ మీదా, మూలన నిలబెట్టిన కాగితాల చెట్టు మీదా అతికించింది.

"ఆకులెందుకు ఎర్రగైతయ్ టీచర్?" అన్నాడు అయాన్. వాళ్లమ్మ డాక్టరు కావడం చేత వాడికి ప్రతిదానికీ కారణం కావాలి.

"చలికి, నాన్నా."

"మరి మాకు చెమటలు పడుతున్నయ్ కద?"

"నువ్వు రంగెయ్యి ముందు," అంది హైమవతి.

పుస్తకంలో గింజలను వేరుచేసే ఆట కూడా ఉంది. అందులో చెప్పిన గింజలు ఇక్కడ దొరకవు. అందుకే నన్ను తెచ్చింది. ఒక గుంటలో కుంకుడుకాయ గింజలు, ఒక గుంటలో సీతాఫలం గింజలు, మిగిలినవాటిలో చింతపిక్కలు. పిల్లలు వాటిని వేరుచేశారు. ఆ తరువాత అసలు ఆట నేర్చుకున్నారు. అందరికంటే త్వరగా నేర్చింది శ్రీనిక. నాలుగేళ్ల పిల్ల. ఆటలో మోసాన్ని మాత్రం సహించదు. "తొండి!" అని అరిచిందంటే వరండా చివరి దాకా వినిపించేది.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. వారం చివర బతుకమ్మ పండుగకు తల్లులు వస్తారు. పిల్లల మెడల్లో ఎర్రటి దండలుంటే అందంగా ఉంటుందని హైమవతికి తోచింది. పూజా సామగ్రి దుకాణం నుంచి ఒక పొట్లం కొనుక్కొచ్చి నా గుంటల్లో పోసింది. గురివిందలు! రైల్వే క్వార్టరులోని అటక గుర్తొచ్చి నా చెక్క బిగుసుకుపోయింది. ఆ రాత్రి ఆమె వాటిని వేడినీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డాక ఒక్కొక్కదానినీ సూదితో పొడిచింది. మరునాడు పిల్లలు వాటిని కాగితం పూలతో కలిపి దారానికి గుచ్చారు. ప్రేమతో చేసిన పని అది. దాన్ని చూసి నేను భయపడినంతగా ఏ ద్వేషాన్ని చూసీ భయపడలేదు.

పండుగ ఉదయం వచ్చింది. తంగేడు, గునుగు, బంతి పూలతో పేర్చిన బతుకమ్మలను తల్లులు వరండాలో దించుతున్నారు. పెద్ద మేడం తరగతిలోకి వచ్చి, "దండలు తెంపుకున్నోళ్లకు డాన్స్ లేదు, చూస్కోండి," అని హెచ్చరించి వెళ్లింది. కాసేపటికి, కాగితాల చెట్టు వెనక శ్రీనిక వంగినప్పుడు, కుర్చీ అంచుకు తగులుకుని ఆమె దండ తెగింది.

చూసింది నేనొక్కదాన్నే. పిల్ల అటూ ఇటూ చూసింది. గింజలను గబగబా ఏరి నా గుంటలో పోసింది. చివరిది చేతిలో ఉండగా అడుగుల చప్పుడయింది. ఆ గింజను నోట్లో వేసుకుని పెదవులు మూసేసింది.

నేను అరవాలనుకున్నాను. చెక్క ఎలా అరుస్తుంది?

వచ్చినవారు అయాన్ తల్లి డాక్టర్ నఫీసా, ఆమె వెనకే హైమవతి. నఫీసా కొడుకును ముద్దుపెట్టుకోబోయి మెడలోని దండ చూసింది. వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది. ఒక గింజను వేళ్ల మధ్య తిప్పి చూసి, "మేడం, ఇవి అసలైన గురివిందలేనా? తొలిచింది ఎవరు?" అని మెల్లగా అడిగింది.

"నేనే. బాగున్నయా?"

"లోపలిదంత విషం. తోలు పగలకపోతే చాలాసార్లు అట్లనే బయటికి పోతది. మీరు పొడిచిండ్రు కద. ఈ వయసు పిల్లలకు ఒక్కటే చాలు." ఆ తరువాత గొంతు మరీ తగ్గించింది. "నవ్వుకుంటనే దండలన్నీ తీయుండ్రి. అరవద్దు."

హైమవతి ముఖంలో రక్తం లేదు. అయినా చప్పట్లు కొట్టి, "మన దండలన్నీ బతుకమ్మకు వేద్దామా?" అంది. పిల్లలు ఉత్సాహంగా తీసి ఇచ్చారు. ఒక్క మెడ బోసిగా ఉంది.

అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టిన పెద్ద మేడం గట్టిగా అడిగింది. "శ్రీనికా! నీ దండేది?"

పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. పెదవులు ఇంకా బిగుసుకున్నాయి. ఒక బుగ్గ కొద్దిగా ఉబ్బి ఉండడం ముగ్గురు ఆడవాళ్లూ ఒకేసారి చూశారు. నఫీసా పెద్ద మేడం మోచేయి గట్టిగా పట్టుకుంది. "అరవకండ్రి. అదిరిపడి గుటక వేసిందా, అంతే. వేలు పెట్టినా కొరుకుతది."

శ్రీనిక తల్లి స్రవంతి చేతిలో పూలపళ్లెంతో లోపలికి వచ్చింది. "ఏమైంది టీచర్? నా బిడ్డ ఏం చేసింది?"

"అమ్మా, అది నీ ముఖమే చూస్తది," అంది నఫీసా. నోట్లో ఏముందో రెండు మాటల్లో చెప్పింది. "నవ్వు. నీకు దండం పెడత, నవ్వు."

స్రవంతి నవ్వింది. అలాంటి నవ్వును నేను మళ్లీ చూడదలచుకోలేదు.

బయట పాట మొదలైంది. చప్పట్లు ఒక లయలో తిరుగుతున్నాయి. లోపల నలుగురు పెద్దవాళ్లు, భయంతో చచ్చిపోతూ, ఏమీ జరగనట్టు నటిస్తున్నారు. మనుషులు ధైర్యం అనేది ఇదేనేమో.

హైమవతి నేల మీద కూర్చుని నన్ను ముందుకు లాక్కుంది. గురివిందలను రుమాలులోకి వంచేసి, అన్ని గుంటల్లోనూ చింతపిక్కలు పోసింది. "శ్రీనికా, రా బిడ్డా. ఒక ఆట ఆడుదాం. గెలిస్తే డాన్స్‌లో నువ్వే ముందు."

పిల్ల కాసేపు ఆలోచించింది. పెదవులు విప్పకుండానే వచ్చి కూర్చుంది. ఆడింది. పిక్కలు పంచుకుంటూ పోయింది. గెలిచిన పిక్కలను గౌనులో పోసుకుంది. బుగ్గలో గింజ అటు నుంచి ఇటు మారడం నేను చూశాను. ప్రతి కదలికకూ స్రవంతి వేళ్లు పళ్లెం అంచును నొక్కుతున్నాయి.

హైమవతి తన వంతు ఆడుతూ ఒక గుంటను దాటేసింది. శ్రీనిక కనుబొమలు ముడిచి ఆ గుంట మీద వేలుతో టకటకా కొట్టింది. నోరు తెరవలేదు. మరో వంతులో హైమవతి రెండు పిక్కలు ఒకే గుంటలో వేసింది. పిల్ల ముక్కుతో ఒక్కసారి గట్టిగా గాలి వదిలింది. నఫీసా కళ్లు మూసుకుంది.

అప్పుడు హైమవతి చేయి చాచి, శ్రీనిక గౌనులోని పిక్కలను దోసిలితో తీసి తన ఒడిలో పోసుకుంది.

"తొండి! టీచర్ తొండీ!"

ఆ అరుపుతో పాటే ఎర్రగింజ ఎగిరివచ్చి నా గుంటలో పడింది.

తల్లి బిడ్డను ఎత్తుకుని ఏడ్చేసింది. నఫీసా దూదితో గింజను తీసి కిటికీ దగ్గర వెలుగుకు పెట్టి చూసింది. సూది పొడిచిన రంధ్రం ఉంది. దాని పక్కనే చిన్న గాటు. పంటి గాటో, దుకాణంలోనే పడినదో.

"మింగలేదు కద డాక్టరమ్మా? మింగలేదు కద?" అంది హైమవతి.

"మింగలేదు. నోట్లకు ఎంత విషం ఊరిందో, కొరికిందో లేదో చెప్పలేను. వెంటనే కనిపించదిది, రెండు మూడు దినాలు కనిపెట్టుకోవాలె. కారు తీయమనుండ్రి, దవాఖానకు పోదాం."

వాళ్లు వెళ్లిపోయారు. హైమవతి నన్ను సబ్బుతో కడిగింది, మళ్లీ కడిగింది. తన వేళ్లు తెల్లబడేదాకా తోమి పై అరలో పెట్టింది. మరునాటి నుంచి దసరా సెలవులు. తాళం పడింది.

ఉలికి భయపడిన రోజులు ఈ సెలవులతో పోలిస్తే ఆటలాంటివి. తాళం వేసిన గదిలోకి వార్త రాదు. బయట వీధిలో సద్దుల బతుకమ్మ ఆడారు, జమ్మిచెట్టుకు పోతూ బాణసంచా కాల్చారు. ఎక్కడైనా ఏడుపు వినిపిస్తుందేమోనని ప్రతి సందడి అడుగునా వెతికాను. గోడ మీది బాదం ఆకులు ఎండి, పిల్లలు పూసిన ఎరుపు పొలుసులుగా నేల మీదికి రాలింది. పుస్తకంలో చెప్పిన శరత్తు చివరికి ఆ ఖాళీ గదిలోకి వచ్చింది. అందరూ నా గుంటల్లో పిక్కలు వేసి తీసుకుంటారు, వెళ్లిపోతారు. ఆ తరువాత వాళ్లకేమయిందో నాకెవరూ చెప్పరు. అన్నేళ్లూ అది నన్ను బాధించలేదు. ఈసారి బాధించింది.

తాళం తీసింది హైమవతే. అందరికంటే ముందు వచ్చింది. కాగితాల చెట్టును పీకేసింది, ఆకులు ఊడ్చింది. చిక్కిపోయిన ఆ ముఖంలో వార్త వెతికాను, దొరకలేదు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. అయాన్ వచ్చాడు. శ్రీనిక సంచీ తగిలించే కొక్కెం ఖాళీగానే ఉంది. హైమవతి ఆ కొక్కేన్ని చూడకుండా గదంతా సర్దుతోంది.

గేటు దగ్గర ఆటో ఆగింది. తల్లి చేయి పట్టుకుని శ్రీనిక లోపలికి వచ్చింది. తిన్నగా హైమవతి ముందు నిలబడి, తల వెనక్కి వంచి, ఎవరూ అడగకుండానే నోరు వెడల్పుగా తెరిచింది. "ఆఁ..."

"దవాఖానల నేర్చింది టీచర్," అంది స్రవంతి. "ఏం కాలేదు, మంచిగున్నది. కానీ ఎవరొచ్చినా ఇట్లనే చూపెడుతది. నిన్న పాలాయనకు కూడ."

హైమవతి మోకాళ్ల మీద కూర్చుంది. పాలపళ్లు, నాలుక, రెండు బుగ్గల లోపలి ఎరుపు, అన్నీ చూసింది. నాలుక పైకెత్తించి మళ్లీ చూసింది.

"ఏం లేదు బిడ్డా. మూసుకో."

శ్రీనిక మూసుకుంది. "పెద్ద మేడంకు గూడ చూపెట్టాల్నా?"

"చూపెట్టు."

నోరు మళ్లీ తెరుచుకుని, తల అలాగే పైకెత్తి, ఆ పిల్ల వరండా పొడవునా నడిచి వెళ్లింది. పెద్ద మేడం గదిలో కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది.