కొండ తెరిచే రోజు

అప్పయ్య స్టవ్వుకు మూడు బొట్లు పెట్టాడు. గంటెకు ఒకటి, అన్నం వండే గుండిగకు ఒకటి. కత్తిపీటకు పసుపు రాసి, బొట్టు పెట్టి, గోడవైపు తిప్పి ఉంచాడు. విశ్వకర్మ పూజనాడు బొట్టు పెట్టిన పనిముట్టును మర్నాడు తెల్లారేదాకా ముట్టరు. కిరండూల్‌లో గనివాళ్ళు లారీలకు పూజ చేస్తారు, రైల్వేవాళ్ళు ఇంజన్లకు చేస్తారు. అప్పయ్య వంటింటికి చేస్తాడు.

రాత్రి మొదలైన వాన ఇంకా తెరిపి ఇవ్వలేదు.

అది రన్నింగ్ రూము. ఇనప ఖనిజం మోసే రైలుబళ్ళు నడిపే డ్రైవర్లు డ్యూటీకీ డ్యూటీకీ మధ్య తిని పడుకునే చోటు. సాలూరు నుంచి వచ్చిన అప్పయ్య ముప్పైయేళ్ళుగా అక్కడ వండుతున్నాడు. కాంట్రాక్టు నిన్నటితో అయిపోయింది. భార్య తిరుపతమ్మ సామానుతో ముందే వెళ్ళింది. రేపు పొద్దున్న పాసింజరుకు అతనూ వెళ్ళాలి. మధ్యలో ఈ ఒక్కరోజు తనకోసం ఉంచుకున్నాడు.

వంటింటి కిటికీకి ఎదురుగా గనుల కొండ. బయటివాళ్ళను ఏడాదికొకసారి, ఈ పూజనాడే, దానిమీదికి పోనిస్తారు. ఊరంతా సెలవు పెట్టి ఎక్కుతుంది. అందరూ సెలవు పెడతారు కాబట్టి అప్పయ్యకు ఏటా సెలవు దొరకదు. నీళ్ళు మోసే బుధ్రాది కొండ కింది పల్లె. ఎక్కి దిగినప్పుడల్లా చెప్పేవాడు, "పైనించి నీ వంటిల్లు అగ్గిపెట్టంత, దాదా. పొగ కూడా కనిపిస్తది" అని. ఆ అగ్గిపెట్టెను పైనుంచి ఒక్కసారి చూడాలని అప్పయ్యకు ఉంది. ఇవాళ బుధ్రా తీసుకెళ్తానన్నాడు.

ముందు దారిలో మట్టి జారిందని, గేటు ఇప్పట్లో తియ్యరని కబురు వచ్చింది. తర్వాత పట్టాలమీద బండలు పడ్డాయని ఫోను వచ్చింది. అతని బదులు ఇవాళ రావాల్సిన కొత్త వంటమనిషి దంతెవాడలో ఆగిపోయాడు. బళ్ళు లేక డ్రైవర్లు మేడమీద గదుల్లో ఉండిపోయారు.

శ్యామ్‌ప్రసాద్ అనే డ్రైవరు లుంగీ ఎగ్గట్టుకుని దిగి వచ్చాడు. "మామా, టీ చుక్కేమైనా?"

"నానిప్పుడు వంటోణ్ణి కాదు బాబూ. కొండకెళ్ళే యాత్రికుణ్ణి."

"యాత్రికుడు గారూ, పైన ఎనిమిదిమంది ఆకలితో ఉన్నారు. ఒకడికి షుగరు."

అప్పయ్య కొండవైపు చూశాడు. మబ్బు తప్ప ఏమీ లేదు. తువ్వాలుతో స్టవ్వు బొట్లు తుడిచి ముట్టించాడు. గంటెనూ గుండిగనూ కళ్ళకద్దుకుని దించాడు. కత్తిపీటను మాత్రం ముట్టలేదు. బంగాళాదుంపలు ఉడకేసి చేత్తో నలిపాడు.

"ఏంటి మామా, కూరని కొట్టినట్టున్నావు?"

"కత్తిపీట సెలవులో ఉంది. తిను."

మూడింటికి వాన పలచబడింది. గేటు తీశారని చెబుతూ బుధ్రా వచ్చాడు. ఒంటిమీది ప్లాస్టిక్ పట్టా కిందనుంచి ఒక గిడుగు తీశాడు. తలమీంచి వీపుదాకా కప్పేలా ఆకులు కుట్టి చేసింది.

"మాసే కుట్టింది నీకోసం."

"నీ పెళ్ళానికి శ్రమ. వానకేసుకునేదాన్ని వాన తగలకుండా దాచి తెచ్చేవేట్రా?"

"మొదటి వాన నీమీదే పడాలంది."

అప్పయ్య దాన్ని తలకు పెట్టుకుని వంటింట్లోనే అటూ ఇటూ నడిచాడు. కొండ సగందాకా తేలింది. దారిమీద గొడుగులు కదులుతున్నాయి.

"పద దాదా. చీకటయ్యేలోపు దిగొచ్చు."

అప్పయ్య చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. ఫోను మోగింది. పట్టాలు బాగయ్యాయి. మొదటి బండికి శ్యామ్‌ప్రసాద్. ఇప్పుడే లేపాలి, వేడిగా తినిపించి పంపాలి. వెనకే మిగతావాళ్ళకు పిలుపు వస్తుంది.

"వాళ్ళు లేవలేరా? ఫోన్లున్నాయి కదా అందరికీ" అన్నాడు బుధ్రా.

"ఉన్నాయి."

"నీ నౌకరీ నిన్నటితో ఖతం కదా?"

"అయిపోయింది." అప్పయ్య గిడుగు తీసి మేకుకు తగిలించాడు. "ఆకలితో ఎలగ పంపుతాన్రా? ఘాట్లో రాత్రంతా నడపాలి ఆ బాబు."

బుధ్రా బిందె తీసుకుని నీళ్ళకు వెళ్ళాడు. అప్పయ్య మేడెక్కి శ్యామ్‌ప్రసాద్ భుజం తట్టాడు. ఆ గదుల కిటికీలు పట్టాలవైపు ఉంటాయి. అక్కడనుంచి కొండ కనిపించదు.

పొద్దున్న పాసింజరు వేళకే వచ్చింది. స్టేషన్‌దాకా సంచి బుధ్రా మోశాడు. బండి కదిలేటప్పటికి మళ్ళీ చినుకులు మొదలయ్యాయి.

కొత్త వంటమనిషి వచ్చి వంటింటి తలుపు తీశాడు. సంచిలో మడిస్తే ఆకులు విరుగుతాయని వదిలేసిన గిడుగు మేకుకు వేలాడుతోంది. దానిమీద ఇంకా ఒక్క చినుకూ పడలేదు.