ఎనభై ఒకటో ప్రైమర్

ఆర్విడ్ స్ట్రోమ్ మూడోసారి లెక్కపెట్టాడు. మూడోసారీ ఎనభై ఒకటే వచ్చాయి.

షెడ్డులో కిటికీ కింద బల్ల, బల్ల మీద ఒకే ఒక్క ప్రైమర్ల డబ్బా. రెండో డబ్బా బల్లెక్కకూడదన్నది నలభై ఏళ్ళుగా ఆయన నియమం. ప్రైమరంటే తూటా అడుగున కూర్చునే చిన్న టోపీ, చొక్కా గుండీలో సగం ఉంటుందేమో. తుపాకీ పిన్ను కొడితే అది నిప్పు రాజేస్తుంది, మందు అంటుకుంటుంది. వేట రోజులకు ముందు ఊళ్ళోవాళ్ళు కాల్చేసిన ఇత్తడి గొట్టాలు తెచ్చిస్తే, ఆర్విడ్ వాటికి మళ్ళీ ప్రైమరూ మందూ గుండూ ఎక్కించి ఇస్తాడు. ధాన్యం గోదాములో కాటా దగ్గర ముప్ఫై నాలుగేళ్ళు బళ్ళు తూచి రిటైరైన మనిషిని ఊరు గుర్తుపెట్టుకున్నది ఇందుకే, ఇంకెందుకూ కాదు.

మొన్న కొత్త డబ్బా విప్పి, నూరూ పళ్ళెంలో పోసి, డార్లాకు ఇరవై తూటాలు చేశాడు. మిగిలినవి తిరిగి డబ్బాలో పోసి, మూత మీద అలవాటుగా పెన్సిలుతో 80 అని వేశాడు. లెక్కపెట్టలేదు. నూరులోంచి ఇరవై పోతే ఎంతో ఆ మాత్రం తెలియదా!

అంటే పళ్ళెంలో ముందే ఒకటి ఉండిపోయిందన్నమాట. అంతకుముందు మంగలి కర్ట్ పిస్తోలుకి తూటాలు చేశాడు. ఆ డబ్బా తీసేశాడు గానీ పళ్ళెం మూల చూడలేదు. పెద్ద పిస్తోలు ప్రైమరూ పెద్ద రైఫిల్ ప్రైమరూ వెడల్పులో ఒక్కటే. ఒకదాని గుంటలో రెండోది హాయిగా కూర్చుంటుంది. పిస్తోలుది మాత్రం వెంట్రుకవాసి పొట్టి, రేకు పల్చన. రైఫిల్ దెబ్బకు ఆ రేకు ఆగితే ఆగొచ్చు. ఆగకపోతే చిల్లుపడి, నిప్పుగాలి కాల్చేవాళ్ళ మొహం మీదికే తన్నుకొస్తుంది. అలా కన్ను పోగొట్టుకున్నవాడు గోదాములో ఆర్విడ్ పక్కనే పనిచేశాడు.

ఎనభై ఒకటీ వరుసగా పేర్చి, పైన స్టీలు స్కేలు ఆనించి చూశాడు. అన్నీ రైఫిల్‌వే. పొట్టిది డార్లా తూటాల్లో ఉంది.

ఇలాంటిది ఆయన చెయ్యి దాటిపోకూడదు. ప్రతి తూటా అడుగునా చూపుడువేలు రాసి చూస్తే, లోతుకు దిగినదీ పైకి తేలినదీ ఇట్టే తెలిసిపోయేది. కానీ రెండేళ్ళుగా చక్కెర జబ్బు ఆ వేళ్ళను మొద్దుబార్చేసింది. ఎవరికీ చెప్పలేదు. వేలు రాయడం మానలేదు, అంతే.

డార్లా ఆయన స్నేహితుడు లైల్ కూతురు. లైల్ పోయి మూడేళ్ళయింది. ఆమె స్కూలు బస్సు నడుపుతుంది. ఏటా ఒక ఎల్క్ దుప్పిని కొడితే ఇద్దరు పిల్లలతో చలికాలం గడిచిపోతుంది. ఇవాళే వేట మొదలు, తెల్లవారకుండానే కొండెక్కి ఉంటుంది. ఫోన్ చేశాడు. ఆ కొండల్లో ఫోన్ ఎప్పుడు పలికింది గనక!

పికప్ తీశాడు. మట్టిరోడ్డు మీద గడ్డకట్టిన గతుకులకి స్టీరింగు చేతిలో నిలవడంలేదు. సగం దారిలో ఉండగా శిఖరం వైపునుంచి తుపాకీ పేలింది. ఒక్కటే మోత. రెండోది రాలేదు. రెండోది ఎందుకు రాలేదు? కళ్ళముందు డార్లా మొహం కాదు, ఆమె రెండు చేతులతో కప్పుకున్న మొహం కనిపించింది.

రోడ్డు చివర ఆమె బండి ఉంది. తలుపుకి తాళం లేదు, సీటు మీద తూటాల పెట్టె. పదహారున్నాయి. ఒక్కొక్కదాని అడుగున స్కేలు నిలబెట్టి వెలుగుకేసి చూశాడు. పదహారూ బాగున్నాయి. అంటే పొట్టిది ఆమె తుపాకీలో ఉన్న నాలుగింటిలో ఒకటి.

వేటరోజున కొండకింద హారన్ కొట్టేవాడిని ఊరు ఏడాదిపాటు తిట్టుకుంటుంది. ఆర్విడ్ హారన్ మీద అరచెయ్యి పెట్టి తియ్యలేదు. కొండంతా మోగింది. ఆపి విన్నాడు. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాడు. దేవుడా, నా వేళ్ళు తీసుకున్నావు చాల్లే అనుకున్నాడు.

చాలాసేపటికి పైన్ చెట్లలోంచి వేటగాళ్ళు తొడుక్కునే నారింజరంగు కోటు కనబడింది. డార్లాకి రెండు కళ్ళూ ఉన్నాయి. రెండూ నిప్పులు కక్కుతున్నాయి.

"మతిపోయిందా బాబాయ్? రెండొందల గజాల్లో ఉంది దుప్పి! వేలు ట్రిగ్గర్ మీద పెట్టాను!"

"ఇందాక మోగింది..."

"అవతలి గట్టు మీద ఎవడో. నాకేం తెలుసు?"

"తూటాలు తియ్యమ్మా. ముందు తియ్యి, తర్వాత తిట్టు."

ఆయన గొంతు విని ఆమె మారు మాట్లాడకుండా తీసింది. మూడో దానికి స్కేలు కింద సన్నటి వెలుగు గీత కనిపించింది. ఆర్విడ్ కథంతా చెప్పాడు, వేళ్ళ సంగతి తప్ప. డార్లా ఆ తూటా అడుగున బొటనవేలు రాసింది.

"నాకే తెలుస్తోందే గుంట! నీకెలా తెలియలేదు?"

ఆయన చూపుడువేలు మడిచి జేబులోకి దాచుకోబోయాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఆ వేలు తూటాకి ఆనించింది.

"తగుల్తోందా?"

"లేదు."

"ఎన్నాళ్ళనుంచి?"

"రెండేళ్ళు. చెబితే ఎవరూ రారని... లైల్ పోయాక మీకు నాతో ఇంకేం పనుంటుంది?"

అట్లా అనుకోకూడదని చెప్పబోయి డార్లా ఆగిపోయింది. నిజంగానే ఆమె ఏటా సెప్టెంబరులోనే ఆ గుమ్మం తొక్కేది, చేతిలో ఖాళీ గొట్టాల సంచితో.

ఆ మధ్యాహ్నం ఆర్విడ్ పదకొండు ఇళ్ళకు ఫోన్ చేశాడు. "నేను చేసిన తూటాలు కాల్చకండి. నా వేళ్ళు పనిచెయ్యడంలేదు." పదకొండుసార్లూ అవే మాటలు. కొందరు పర్లేదన్నారు, కర్ట్ తిట్టాడు. తర్వాత ఆ ఇంటికి ఎవరూ గొట్టాలు తీసుకెళ్ళలేదు. డార్లా మాత్రం మూడుసార్లు వెళ్ళింది, పనేమీ లేకుండానే. కాఫీ తాగి, మంచు గురించి మాట్లాడి వచ్చేసింది. నాలుగోసారి వెళ్ళేసరికి ఫిబ్రవరి. ఆయన కుర్చీలోనే పోయి ఉన్నాడు, బూట్లు తొడుక్కుని.

సామాను సర్దడానికి ఆమె ఒక్కతే షెడ్డులోకి వెళ్ళింది. పళ్ళేలు కడిగి బోర్లించి ఉన్నాయి. బల్ల మీద, నియమం ప్రకారం, ఒక్కటే డబ్బా. మూత మీద 80 కొట్టేసి, వంకరపోయిన అంకెలతో పక్కన 81 అని రాసి ఉంది.