మంట తగ్గించు

ఆదివారం అన్నాలయ్యాక అబిదా వెల్లుల్లి పొట్టు తీసుకుంటూ టీవీ ముందు కూర్చుంది. వైరస్ వచ్చి ఊళ్ళకు ఊళ్ళు ఊడ్చుకుపోయే పాత ఇంగ్లీషు సినిమా, తెలుగు మాటలతో వస్తోంది. పెళ్ళైన కొత్తలో నరసరావుపేటలో మొగుడు మక్బూల్‌తో కలిసి చూసిందే.

"అప్పుడు ఉత్త కట్టుకథ అనుకున్నాం. తర్వాత మన మీదికే వచ్చె," అన్నాడు మక్బూల్. మెకానిక్ షెడ్డుకు సెలవు కాబట్టి దిండుకు ఒరిగి తీరిగ్గా ఉన్నాడు.

తెర మీద ఒక డాక్టరమ్మను గాజుగదిలో పెట్టి తాళం వేశారు. "పాపం, ఒక్కతే!" అన్నాడు పక్కన పడుకున్న కొడుకు సుహైల్. పాపమెందుకో! అబిదాకు ఆవిడను చూస్తే కుళ్ళు పుట్టింది. వెంటనే సిగ్గేసింది. అలాంటి గది ఆమెకూ ఒకసారి దొరికింది మరి.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ రంజాన్‌లో ఆమెను వెనకగదిలో పెట్టారు. జ్వరం తొందరగానే తగ్గింది, వాసన మాత్రం పోయింది. రోజా ఉపవాసం ఉన్న ఆడవాళ్ళు వండేటప్పుడు ఉప్పూకారం నాలుక మీద వేసుకోరు, ఆవిరి వాసన పట్టే చెబుతారు. "ముక్కు పనిచెయ్యనిదాన్ని పొయ్యి దగ్గరికి పంపి ఏం లాభం? వాసన వచ్చిందాకా ఉండనీ," అంది అత్త. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. గరిటె పన్నెండేళ్ళ కూతురు ఇరమ్ చేతికి వచ్చింది. సుహైల్ దానికన్నా పెద్దవాడే, అయినా వాడి పేరు ఎవరికీ తట్టలేదు.

ఒక సాయంత్రం కిటికీ సందులోంచి ఉల్లిపాయలు వేగే వాసన కమ్మగా వచ్చింది. వచ్చిందని చెబితే మళ్ళీ తెల్లారకముందు తినే సహరీ వంటకు అందరికన్నా ముందు లేవాలి, గిన్నెలు తోమి అందరికన్నా వెనక పడుకోవాలి. పెళ్ళయ్యాక కంటినిండా నిద్రపోతున్నది ఇప్పుడే. చెప్పలేదు. తనూ రోజా ఉన్న ఇరమ్, అమ్మకు వాసన వచ్చిందేమోనని గరిటె కిటికీ దగ్గర పట్టుకుని "అమ్మీ, ఉప్పు సరిపోయిందా?" అంటే, "ఏం తెలవట్లేదమ్మా" అంది. ఆ పూట ఉప్పెక్కువైందని మక్బూల్ పళ్ళెం తోసేశాడు. గోడవతల పిల్ల ఏడుస్తూనే ఉంది. అబిదా దుప్పటి కప్పుకుంది. నిద్ర కూడా పట్టింది. ఆ నిద్ర పట్టడమే ఇన్నేళ్ళుగా ఆమెను తినేస్తోంది. రంజాన్ పోయింది, కరోనా పోయింది, ఇరమ్ చేతిలో గరిటె మాత్రం పోలేదు.

"ఇరమ్, చాయ్ పెట్టమ్మా!" మక్బూల్ కేకేశాడు.

ఇంటర్ పుస్తకం మూసి పిల్ల లేచింది. అబిదా దాని చెయ్యి పట్టుకుంది.

"ఆ రంజాన్‌లో నాకు వాసన ముందే వచ్చింది. గదిలో ఉండగానే. మీకు చెప్పలా."

"ఏందే నువ్వనేది?" మక్బూల్ లేచి కూర్చున్నాడు.

ఇరమ్ మాత్రం ఆశ్చర్యపోలేదు. "నాకు తెలుసమ్మీ. ఒకరోజు ఉల్లిపాయ మాడుతుంటే 'మంట తగ్గించు' అని లోపల్నించి నువ్వే అరిచావుగా. చానా అలిసిపోయున్నావని నేనే ఎవరికీ చెప్పలా."

అబిదాకు ఏడుపు ఆగలేదు. పిల్లను లాగి పక్కన కూర్చోబెట్టుకుంది.

"సుహైల్, లేచి చాయ్ పెట్టు."

"నాకు రాదమ్మీ."

"దీనికి పన్నెండేళ్ళకే వచ్చింది," అంది అబిదా.