పండుగ పూట కచేరీ

దుబ్రావాలో స్లావాకి, అంటే ఇంటిని కాచే పునీతుడి పండుగకి, ఎవరూ ఎవర్నీ పిలవరు. పిలిస్తే తప్పు. ఒకసారి ఒక ఇంటి గడప తొక్కినవాడు, ఆ ఇంటి పునీతుడి రోజున ఏటేటా తనంతట తానే రావాలి. ఇంటిపెద్ద తలుపు తీసే ఉంచాలి. వచ్చినవాళ్ళలో ఆఖరివాడు లేచి వెళ్ళేదాకా కూర్చోకుండా వడ్డించాలి. రేకుల పని చేసే విటొమిర్ పెళ్ళయిన నాటినుంచీ ఈ పద్ధతి జవదాటలేదు. మిగతా విషయాల్లో ఆయన్ని అంత పద్ధతైన మనిషని ఎవరూ అనరు, అది వేరే సంగతి.

ఊళ్ళో సగం మందికి ఇంటి పునీతుడు నికోలా. ఆ రోజున ఎవరింటికి ముందు వెళ్ళాలో తెలియక జనం తిప్పలు పడతారు. విటొమిర్ వాళ్ళ పునీతుడు అలింపియ. డిసెంబరు తొమ్మిదిన పండుగ చేసుకునే ఇల్లు ఊరు మొత్తానికి అదొక్కటే, అంచేత ఊరంతా అక్కడికే. విటొమిర్ దీన్ని తన మంచితనం కింద లెక్కేసుకునేవాడు గానీ, పునీతుడి చలవని ఒప్పుకునేవాడు కాదు.

పోయినేడు పండుగలో, అందరి గ్లాసులూ నిండాక, ఆయన ఒక మాట అన్నాడు. "నాకు డెబ్బై నిండాయి. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. వచ్చే ఏడు ఈ ఇంటిపెద్ద ద్రాష్కో." ద్రాష్కో ఆయనకి ఒక్కగానొక్క కొడుకు. ఆ మాటకి వాడి కళ్ళు చెమర్చాయి. వాడి మామగారు, రొట్టెల బట్టీ ఒబ్రాద్, బల్ల గుద్ది మరీ తాగాడు.

అక్టోబరులో ద్రాష్కో తండ్రి పనిచేసే షెడ్డుకి వచ్చి, సుత్తి చప్పుడు ఆగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నాన్నా, మా ఆర్కెస్ట్రా కచేరీ తొమ్మిదిన పెట్టారు."

"ఏ తొమ్మిది?"

"డిసెంబరు."

విటొమిర్ సుత్తి కింద పెట్టాడు. "పెట్టినవాడికి బుద్ధుందా?"

"మమ్మల్ని నడిపించే కొత్త మాస్ట్రో హంగరీ ఆవిడ. అలింపియ ఎవరో ఆవిడకేం తెలుసు? మేం చెప్పేసరికే టిక్కెట్లు అమ్మేశారు."

"అయితే నువ్వెళ్ళకు. ఊదేవాళ్ళు ఇంకా ముగ్గురున్నారుగా."

"రెండో భాగం మొదట్లో నా బాకా ఒక్కటే పాడాలి నాన్నా. మిగతావాళ్ళంతా కింద మెల్లగా శ్రుతి పట్టుకుని ఉంటారంతే. ఇన్నేళ్ళు పక్క కుర్చీలో కూర్చుని, ఇంకొకాయన ఊదుతుంటే విన్నాను. మొదటి కుర్చీ నాకు ఈ ఏడే వచ్చింది."

దుబ్రావా సింఫనీ ఆర్కెస్ట్రా అంటే ఊళ్ళోవాళ్ళకి పరాయిది కాదు. డోలు వాయించే ఆయన పొద్దున పూట బడి బస్సు నడుపుతాడు. వయొలిన్ల వరుసలో సగం మంది సాయంత్రాలు ఊరి పిల్లలకి పాఠాలు చెబుతారు. నది పొంగి పడవల రేవు మునిగిన ఏడు, బురద ఎత్తిపోసినవాళ్ళ కోసం అక్కడే, ఆ ఇసుక బస్తాల మధ్యే వాయించారు. ఊళ్ళో అది విననివాడు ఒక్క విటొమిరే. కచేరీ హాలు పైకప్పు మీద ప్రతి రేకూ ఆయన పరిచిందే. కింద ఏముందో మాత్రం చూడలేదు.

"నేనూ జీవితమంతా గొట్టాలు వంచాను," అన్నాడు. "ఒక్క గొట్టమూ నన్ను పండుగ మానేయమనలేదు."

"మానను. మధ్యాహ్నం దాకా నేను నిలబడతా. సాయంత్రం నువ్వు నిలబడు."

"ఇంటిపెద్దరికం బస్సు టిక్కెట్టట్రా, సగం దూరం నువ్వూ సగం దూరం నేనూ వెళ్ళడానికి? నిలబడితే పూర్తిగా నిలబడు. లేదా జోరాన్‌కి ఇచ్చేస్తాను."

జోరాన్ ఆయన తమ్ముడి కొడుకు. బీమా పాలసీలు అమ్ముతాడు, పండుగ బల్ల దగ్గర కూడా అమ్ముతాడు. వాడంటే విటొమిర్‌కే పడదు. నోరు జారి అన్న మాటే గానీ, అన్నాక వెనక్కి తీసుకోవడం ఆయన వంశంలో లేదు. ద్రాష్కో "సరే నాన్నా," అని వెళ్ళిపోయాడు. ఆ సరే అన్నది దేనికో ఆయనకి అర్థం కాలేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు," అంది భార్య స్తోయంక. "నాలుగోది నేను చూపించినా చూడవు."

పండుగ పొద్దున ద్రాష్కో వచ్చాడు. పెద్ద కొవ్వొత్తి అప్పటికే వెలుగుతోంది. ఉడికించి తీపి కలిపిన గోధుమల పళ్ళెం బల్ల మీద ఉంది. వచ్చిన చుట్టం ముందుగా దాంట్లోంచి ఒక చెంచాడు తినాలి. ఇంటివాళ్ళకి ఆ మర్యాద ఉండదు. విటొమిర్ పళ్ళెం పట్టుకుని నేరుగా కొడుకు ముందుకు వచ్చాడు.

"తీసుకోండి," అన్నాడు. తీసుకో అనలేదు.

ద్రాష్కో ముఖం తెల్లబోయింది. ఐనా ఒక చెంచాడు తిని, "పండుగ శుభం, ఇంటిపెద్దా," అని బయటివాళ్ళు అనే మాటే అని, అమ్మని ముద్దు పెట్టుకుని వెళ్ళాడు. గేటు మూసుకున్న చప్పుడు విన్నాక విటొమిర్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది. అది కప్పిపుచ్చుకోవడానికి చేపలు సరిగా వేగలేదని స్తోయంక మీద ఎగిరాడు.

పనిదినం కాబట్టి జనం రావాల్సింది సాయంత్రమే. ఉపవాసాల నెల, మాంసం ఉండదు. బల్ల మీద వేయించిన గండుచేపలూ, కుండలో కాల్చిన చిక్కుడు గింజలూ, అక్రోటు ముక్కలు కూరిన క్యాబేజీ చుట్టలూ, రేగుపండు సారాయీ, ఎర్ర వైనూ. చీకటి పడింది. ఎవరూ రాలేదు. చలికి ఆలస్యమవుతోంది అనుకున్నాడు విటొమిర్. చేపలు చల్లారాయి, మళ్ళీ వేడి చేశారు. ఐనా ఎవరూ రాలేదు. ఆయన గుమ్మానికీ బల్లకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

"కూర్చో," అంది స్తోయంక.

"ఇంటిపెద్ద కూర్చోకూడదు."

"చుట్టాలు ఉన్నప్పుడు కూర్చోకూడదు. ఇప్పుడెవరున్నారని?"

ఆ మాట పుండు మీద కారం చల్లినట్టయింది. పండుగ రోజున ఖాళీ ఇల్లు. తన తండ్రి కాలంలో యుద్ధమప్పుడు కూడా ఇద్దరు ముగ్గురైనా వచ్చారు. ఊరు తనని వెలివేసిందా? కొడుకుని అలా అవమానించాడని పునీతుడే తలుపు మూసేశాడా? ఆయనకి నిజంగానే భయం వేసింది.

గేటు బయటికి వచ్చి చూశాడు. వీధిలో కిటికీలన్నీ చీకటి. ఎదురింటి మిలేవా ఒక్కతే, మోకాలికి కట్టు కట్టుకుని, మెట్ల మీద మంచు ఊడుస్తోంది.

"ఊరంతా ఏమైంది మిలేవా?"

"మావాళ్ళు హాల్లో ఉన్నారన్నయ్యా. మీ వాడు ఊదుతున్నాడుగా. నా మోకాలు బాగుంటే నేనూ పోదును."

"అందరూనా?"

"పండుగ నాడు పిల్లాడు ఇల్లొదిలి ఒంటరిగా వెళ్ళాడు పాపం, మనవాళ్ళు ఒక్కరైనా ఎదుట లేకపోతే వాడి గుండె నిలుస్తుందా అనుకున్నాం. నీ ఇంటికి ఎలాగూ ఊరంతా వస్తుందాయె. ఒక్క మనిషి తగ్గితే నీకేం తెలుస్తుంది?" అని, ఖాళీగా ఉన్న వీధి ఆ చివర నుంచి ఈ చివరకి చూసి, చీపురు కింద పెట్టేసింది. "ఓరి దేవుడా. అందరూ ఇదే అనుకున్నారా ఏంటి?"

విటొమిర్ లోపలికి వచ్చి కోటు తొడుక్కున్నాడు.

"ఎక్కడికి?" అంది స్తోయంక. "పిలవడానికా? పండుగకి పిలవకూడదు. నలుగురూ నవ్వుతారు."

"పిలవను. ఊరికే కనపడి వస్తాను."

"సరే వెళ్ళు. కొవ్వొత్తి దగ్గర నేనుంటాలే. కొడుకు కనపడితే, వాడికీ కనపడు."

హాలు తలుపు దగ్గర టిక్కెట్లు చింపే దేసా ఆయన్ని చూసి, దయ్యాన్ని చూసినట్టు చూసింది. తరవాత ఆయన కోటు బొత్తాలు వంకరగా ఉంటే సరి చేసి, మొదటి భాగం అయిపోయేదాకా ఆపి, జనం దగ్గుకుంటున్న ఆ కాస్త వ్యవధిలో వెనక తలుపులోంచి లోపలికి పంపింది. కుర్చీ చూపించింది.

"వద్దమ్మా."

వెనక నుంచి చూసినా ఆయన అందర్నీ గుర్తుపట్టాడు. ఒబ్రాద్ బట్టతల. చర్చి పూజారిగారి పిలక. పోస్టాఫీసు ఆవిడ ఎర్ర శాలువా. నలభై ఏళ్ళుగా తన బల్ల దగ్గర తిన్న మెడలూ భుజాలూ, వరసగా ఆ చివరి దాకా. జోరాన్ కూడా ఉన్నాడు, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. ఒక్కొక్కణ్ణీ బయటికి లాగి నిలదీయాలని వచ్చిన మనిషి, ఇంతమంది తన వాళ్ళు ఒక్కచోట కనపడేసరికి, గోడకి వీపు ఆనించి నిలబడిపోయాడు. చుట్టాలు ఇక్కడున్నారు. అంచేత తను కూర్చోకూడదు. ఆయన లెక్క అంతే.

తీగలు చాలా కిందినుంచి, వినీ వినపడనట్టు మొదలయ్యాయి. అప్పుడు ద్రాష్కో బాకా ఎత్తాడు.

విటొమిర్‌కి ఆ పాట తెలుసు. తెలుసని అప్పటిదాకా ఆయనకే తెలియదు. పదిహేనేళ్ళ వయసు నుంచీ ద్రాష్కో షెడ్డు వెనక గదిలో ఊదేవాడు. రెండు సుత్తి దెబ్బల మధ్య ఒక ముక్క వినపడేది, మళ్ళీ దెబ్బ, మళ్ళీ అదే ముక్క. "ఇది అవ్వదా నీకు?" అని ఆయన కేకలేసేవాడు. ఇప్పుడా ముక్కలన్నీ అతుక్కుని, మధ్యలో ఏ చప్పుడూ లేకుండా, ఒక్క పొడుగాటి ఊపిరిలా వస్తున్నాయి. అంత పెద్ద హాల్లో వాడొక్కడే. పైకప్పు అంచున తాడు లేకుండా నడిచే మనిషిని చూస్తున్నట్టు విటొమిర్ ఊపిరి బిగపట్టాడు. జారతాడేమో, ఇక్కడ జారతాడేమో అనుకున్న ప్రతిచోటా వాడు నిదానంగా అడుగేసి దాటాడు. ఆయనకి కళ్ళనీళ్ళు వచ్చాయి. తుడుచుకోలేదు, కదిలితే వాడు పడిపోతాడనిపించింది.

ఆ భాగం పూర్తయింది. మాస్ట్రో చేతులు దించింది. హాలంతా నిశ్శబ్దం. ఒకరిద్దరు దగ్గారు.

విటొమిర్ ఎదురు చూశాడు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. నాలుగు భాగాలూ అయ్యేదాకా కొట్టకూడదని ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు, ఆయనకి ఎవరూ చెప్పలేదు. తన చేపలు తిని, తన వైను తాగిన మనుషులు ఇంత కృతఘ్నులా అని ఆయనకి ఒళ్ళు మండింది. రేకులు వంచిన ఆ రెండు చేతులూ ఎత్తి, హాలు దద్దరిల్లేలా ఒక్కడే చప్పట్లు మొదలుపెట్టాడు.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. మందలిద్దామని తిరిగిన ముఖాలు, తలుపు పక్కన పండుగ చొక్కాలో నిలబడి ఉన్న ఇంటిపెద్దని చూశాయి. ఆయన ఇక్కడుంటే ఆ ఇంట్లో ఎవరున్నట్టు? ఒబ్రాద్ పక్కవాణ్ణి చూశాడు, పక్కవాడు పూజారిగారిని చూశాడు. ఒక్కొక్కరికీ సంగతి తలకెక్కుతుంటే మెడలు ఎర్రబడ్డాయి. విటొమిర్ ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నాడు.

స్లావా బల్ల దగ్గర ఇంటిపెద్ద గ్లాసెత్తితే చుట్టం ఎత్తకుండా ఉండకూడదు. ముందు లేచింది ఒబ్రాద్. వియ్యంకుడి వైపు చూస్తూ చప్పట్లు కొట్టాడు. పూజారిగారు లేచారు. ఆ తరవాత వరసలకి వరసలు లేచాయి. ఆ చప్పుడుకి జోరాన్ మేలుకుని, కచేరీ అయిపోయిందనుకుని కోటు తొడుక్కున్నాడు.

మాస్ట్రో తెల్లబోయి తిరిగి చూసింది. దుబ్రావాలో ఇలా జరుగుతుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. తరవాత బాకాల వైపు చూసి ద్రాష్కోని లేవమంది. వాడు లేచాడు. హాలు ఆ చివర తండ్రి, ఈ చివర కొడుకు, ఇద్దరూ నిలబడే ఉన్నారు. ద్రాష్కో తల వంచాడు. అది జనానికి పెట్టిన నమస్కారం కాదని విటొమిర్‌కి తెలిసింది.

మిగతా రెండు భాగాలూ ఆయన నిలబడే విన్నాడు. బయటికి వచ్చాక అందరూ కక్కలేక మింగలేక ఆయన చుట్టూ మూగారు.

"బావా, నేనొక్కణ్ణే అనుకున్నాను," అన్నాడు ఒబ్రాద్. "ఒక్కణ్ణి తగ్గితే నీకు ఒక చేప మిగులుతుందిలే అనుకున్నా."

"ఊరికి సరిపడా చేపలు మిగిలాయి."

"మరి వస్తే..."

"నేనెవర్నీ పిలవడం లేదు," అన్నాడు విటొమిర్, ఆకాశం చూస్తూ. "బాగా చలిగా ఉంది. స్తోయంక పొయ్యి ఆర్పలేదు. అంతే."

ఊరు నడిచింది. వాయిద్యాల పెట్టెలు భుజాన వేసుకుని ఆర్కెస్ట్రా కూడా వెనకే నడిచింది. మాస్ట్రో ఒక్కతే సందేహిస్తూ, "నన్నెవరూ పిలవలేదే?" అంది. "మమ్మల్ని మాత్రం ఎవరు పిలిచారు? పదండి," అన్నాడు డోలు ఆయన.

ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. మెట్ల మీద, షెడ్డులో, రేకుల బల్ల మీద కూడా పళ్ళేలు. ద్రాష్కో కచేరీ నల్లకోటు విప్పడం కూడా మరిచిపోయి, భుజాన తువ్వాలు వేసుకుని, ఒక చేత్తో గోధుమల పళ్ళెం, ఒక చేత్తో వైను కూజా పట్టుకుని మనుషుల మధ్య దారి చేసుకుంటున్నాడు. వాణ్ణి అలా చేయమని ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు.

ఒబ్రాద్ ఖాళీ గ్లాసు పట్టుకుని విటొమిర్ కోసం ఇల్లంతా వెతికాడు. వంటింట్లో లేడు, గుమ్మం దగ్గర లేడు. చివరికి కిటికీ కింద బెంచీ మీద, పూజారిగారికీ మాస్ట్రోకీ మధ్య ఇరుక్కుని, చేప ముల్లు తీసుకుంటూ కనపడ్డాడు.

"ఏంటి బావా, పండుగ పూట కూర్చున్నావు? నాకు కాస్త వైను పొయ్యి."

విటొమిర్ కొడుకు వైపు గడ్డం ఊపాడు.

"నన్నడక్కు. ఇంటిపెద్ద అదిగో అక్కడున్నాడు. నేనూ నీలాగే పిలవకుండా వచ్చినవాణ్ణి."