డీకన్ ఎడమ చెయ్యి

లియాండర్ ప్రూయిట్ పియానో గురించి ఎవరు మాట్లాడినా ముందు అతని ఎడమ చేతి గురించే మాట్లాడతారు. కుడి చెయ్యి పాట పాడేదట, ఎడమ చెయ్యి ఆ పాటకి ఇల్లు కట్టేదట. అననీండి. ఆ చేతి పక్కన పద్నాలుగేళ్ళు నిలబడ్డవాణ్ణి నేను. నాకంటే ఎత్తుండే పెద్ద ఫిడేలు, మావాళ్ళు బేస్ అంటారు, అది వాయించేవాణ్ణి. నా పేరు హోసియా గెయిన్స్. మీరెవరూ విని ఉండరు. దానికి నాకేం బాధ లేదు. ఉన్నా మీకు చెప్పను.

లియాండర్‌ని మేమంతా డీకన్ అనేవాళ్ళం. చర్చిలో ముందు వరసలో కూర్చునే పెద్దమనిషి మొహం ఆయనది. తాగడు, తిట్టడు. ఆలస్యంగా వచ్చినవాణ్ణి కళ్ళద్దాల పైనుంచి ఒక్కసారి చూస్తాడు, అంతే. వాడు జన్మలో ఇంకోసారి ఆలస్యంగా రాడు. సెడేలియాలో తల్లి వెంట చర్చికి వెళ్ళి, కాళ్ళందని వయసులో ఆర్గన్ ముందు నిలబడి వాయించాడట. పద్నాలుగేళ్ళకి గుడారం ఆటలవాళ్ళతో వెళ్ళిపోయాడు. తర్వాత నది మీద ఆవిరి పడవలో, ఆ తర్వాత మూకీ సినిమాల హాల్లో. తెర మీద గుర్రం పరిగెడితే పరుగు, పిల్ల ఏడిస్తే ఏడుపు. పియానో మెట్లకేసి చూడకుండా వాయించడం అక్కడే అబ్బింది.

ఆ తర్వాతే బ్యాండు. పాత బస్సొకటి కొని, ఓక్లహామా, టెక్సస్ అంతా తిరిగాం. నల్లవాళ్ళం, మమ్మల్ని పడుకోనిచ్చే హోటళ్ళు లేవు కాబట్టి చర్చికొచ్చే పెద్దమ్మల ఇళ్ళలో పడుకునేవాళ్ళం, వాళ్ళు పెట్టిన మొక్కజొన్న రొట్టె, ఆకుకూర తిని మళ్ళీ బస్సెక్కేవాళ్ళం. ఎర్రమట్టి దారిలో బస్సు ఊగుతుంటే డీకన్ నిద్రలోనే మోకాలి మీద వేళ్ళాడించేవాడు. కిటికీలోంచి ఎండ పడి ఆ వేళ్ళు నీళ్ళలో చేపల్లా మెదిలేవి. నేను వాటినే చూస్తూ, ఏ పాటో ఊహించుకుంటూ, నిద్రకీ మెలకువకీ మధ్య మైళ్ళకి మైళ్ళు గడిపేసేవాణ్ణి. నా బతుకులో నేను సుఖపడ్డది అక్కడే అనిపిస్తుంది.

చివరికి కాన్సస్ సిటీలో కుదురుకున్నాం. వైన్ వీధికి రెండు సందుల అవతల లారెల్ హాలు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మొదలు. చర్చి నుంచి వచ్చినవాళ్ళు అవే బట్టల్లో, అవే టోపీల్లో నేరుగా వచ్చేసేవారు. పైనున్న కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా పడేది. జనం నాట్యం చేస్తుంటే పౌడరూ దుమ్మూ కలిసి ఆ ఎండలోకి లేచి, అందరూ నేలకి బెత్తెడు పైన తేలుతున్నట్టుండేది.

మా పాటలేవీ కాగితం మీద ఉండేవి కావు. పదముగ్గురం, పదముగ్గురి బుర్రల్లోనూ ఉండేవి. డీకన్ ఒక్కడే కుడిచేత్తో పాట ఎత్తుకునేవాడు. ఏ శ్రుతిలో అందుకోవాలో ఎడమచేతి వేళ్ళు కిందికి చాపి చూపించేవాడు. ఒక వేలైతే ఒక శ్రుతి, రెండైతే ఇంకోటి, మూడైతే మరోటి. నోటితో చెప్పడం మావాళ్ళలో నామోషీ. శ్రుతి అరిచి చెప్పుకునేవాళ్ళు ఇంకా నేర్చుకుంటున్నవాళ్ళని లెక్క. వేళ్ళు చూసి చూసి మాకు చెవుల కంటే వాటి మీదే నమ్మకం ఎక్కువైంది. కొంప ముంచింది అదే.

ఈస్టర్ వెళ్ళిన మరుసటి ఆదివారం. డీకన్ పాట ఎత్తుకున్నాడు. చెయ్యి కిందికి చాపాడు. రెండు వేళ్ళు. పన్నెండు మందిమి రెండు వేళ్ళ శ్రుతిలో దిగాం. ఆయన కుడిచెయ్యేమో మూడు వేళ్ళ శ్రుతిలో ఉంది. ఇంట్లో ఎవరో గిన్నెల బీరువా తోసేసినట్టు మోగింది. చెవులున్న వెధవలం, వినిపిస్తూనే ఉంది, అయినా వేళ్ళు రెండే చూపించాయి కదా అని ఒక్కడూ మారలేదు. డీకనే మారాడు. పాట మధ్యలో మెట్టు దిగినంత తేలిగ్గా మా శ్రుతిలోకి దిగొచ్చాడు. జనం కావాలని చేశాడనుకుని చప్పట్లు కొట్టారు.

ట్రంపెట్ వాయించే పర్విస్ నవ్వాడు. "ముసలాయన మనకి పరీక్ష పెడుతున్నాడ్రోయ్" అన్నాడు.

నేను నవ్వలేదు. ఆయనకి దగ్గరగా ఉన్నది నేను. మూడో వేలు, ఉంగరం వేలు, ముడుచుకునే ఉండిపోయింది. డీకన్ దానికేసి, పిలిస్తే రాని పెంపుడు కుక్కని చూసినట్టు చూస్తున్నాడు.

అప్పట్నుంచి నేనొక పని మొదలుపెట్టాను. ఆయన కుడిచెయ్యి పాట ఎత్తుకోగానే, ఆ శ్రుతి నా బేస్ మీద రెండుసార్లు మీటేవాణ్ణి. వేళ్ళు చూడక్కర్లేకుండా అందరూ దాన్ని అందుకునేవారు. ఎడమచెయ్యి వాయించాల్సిన చోట ఆయన వదిలేసింది నేను నింపేవాణ్ణి. పదిచోట్ల పడాల్సిన చెయ్యి ఒకచోట పడేది, తర్వాత అదీ లేదు. మా పత్రికవాడొకడు, ప్రూయిట్ ఇప్పుడు మౌనాన్ని వాయిస్తున్నాడు, ఇది కొత్త పద్ధతి అని రాశాడు. డీకన్ అది చదివి, మడిచి, "మౌనమట" అని జేబులో పెట్టుకున్నాడు.

ఒక మంగళవారం పొద్దున్నే ఇంటికి రమ్మని కబురు పెట్టాడు. ఆయన భార్య మోజెల్ తలుపు తీసింది. ఆయన చొక్కా ఎడమచేతి బొత్తాం ఆవిడే పెట్టి, మా ఇద్దరికీ పీచ్ పళ్ళ పాయసం లాంటిది ఇచ్చి, వెనక గదిలోకి వెళ్ళిపోయింది.

"చెయ్యి ఎప్పట్నుంచి ఇలా ఉందన్నా?" అన్నాను.

"ఏ చెయ్యి?" అన్నాడు.

నేను ఆ బొత్తాం కేసి చూశాను. అప్పుడు ఆయనే చెప్పాడు. "చిటికెన వేలు క్రిస్మస్‌కి పోయింది. ఉంగరం వేలు ఈస్టర్‌కి. పండక్కొకటి. డాక్టరు నరం అంటాడు. మోజెల్ ప్రార్థన అంటుంది. నేనేమీ అనను."

"అందరికీ చెప్పేస్తే పోలా?"

"చెప్పు. రెండో వారానికి హాలువాళ్ళు ఇంకొకణ్ణి నా పియానో బల్ల మీద కూర్చోబెడతారు. మంచివాడే దొరుకుతాడు, ఈ ఊళ్ళో పియానో వాళ్ళకి కరువా? బ్యాండు వాడి పేరు మీద నడుస్తుంది. నేను మోజెల్ పక్కన కూర్చుని బఠాణీలు ఒలుచుకుంటా. పద్నాలుగేళ్ళురా హోసియా. ఆ బ్యాండు లేకపోతే నేనెవర్ని?"

ఆయన లేచి పియానో దగ్గరికి వెళ్ళాడు. "'ఆదివారం వాకిలి' ఎడమచెయ్యి నీకిస్తా, పట్టుకో" అన్నాడు.

అది ఆయన సొంత పాట. మోజెల్‌ని చేసుకున్న ఏడు కట్టాడు. నెమ్మదిగా, ఊగే కుర్చీలా ముందుకీ వెనక్కీ నడిచే పాట. ఎడమచెయ్యి నాలుగు చుట్లు తిరిగాకే బాకాల వాళ్ళు అందుకోవాలి. ఆ నడక ఇంకెవరికీ పట్టుబడలేదు, ఎక్కడా రాసి లేదు. ఆ చేతితోపాటు అదీ పోతుంది. అందుకని ఆయన నోటితో పాడుతూ, నా మోకాలి మీద కుడిచేత్తో తడుతూ, మూడు మంగళవారాలు నాకు నేర్పాడు. "అక్కడ తొందరపడకు. కుర్చీ వెనక్కి వెళ్ళాక ఒక్క క్షణం ఆగుతుంది చూడు, అక్కడ" అనేవాడు. కళ్ళు మూసుకుని పాడుతుంటే ఆయన వయసు తెలిసేది కాదు. వెనక గదిలో మోజెల్ గిన్నెల చప్పుడు ఆగిపోయేది.

మూడో మంగళవారం నన్ను గుమ్మం దాకా దింపి, "చేతి మాట నీ నోట రాకూడదు" అన్నాడు. రాదన్నాను.

నేను మాటిచ్చినప్పుడు పర్విస్ సంగతి ఆలోచించలేదు. వాడు చెడ్డవాడు కాదు. డీకన్ మీద ఈగ వాలనివ్వడు, వాడికున్న జబ్బల్లా అదే. ఆగస్టులో ఒక ఆదివారం, విరామంలో, అందరం చొక్కాలు తడిసి నిమ్మరసం తాగుతుంటే నామీదకి వచ్చాడు.

"ఏం హోసియన్నా, బ్యాండు ఎప్పుడు కొన్నావ్?"

"పోరా" అన్నాను.

"లేదు, అడుగుతున్నా. డీకన్ చెయ్యి చాపకముందే టుమ్ టుమ్ అని నువ్వు శ్రుతి పెడుతున్నావ్. ఆయన వాయించేచోటల్లా దూరిపోతున్నావ్. పాపం, పెద్దాయన నీకు దారివ్వడానికి చెయ్యి తీసేసుకుంటున్నాడు. కళ్ళు లేవనుకున్నావా మాకు?"

మిగతావాళ్ళూ గ్లాసులు దించారు. ఎవరూ నాకేసి చూడలేదు. అంటే అందరూ మాట్లాడుకునే వచ్చారన్నమాట. పర్విస్ డీకన్ వైపు తిరిగాడు. "ఇతనన్నా ఉండాలి, మేమన్నా ఉండాలి. నువ్వే చెప్పు" అన్నాడు.

డీకన్ ఎడమచెయ్యి కోటు జేబులో ఉంది. నాకేసి చాలాసేపు చూశాడు. ఒక్క మాట చాలు. జేబులోంచి చెయ్యి తీస్తే చాలు. నేను ఎదురుచూశాను.

"హోసియా, వచ్చే ఆదివారం నుంచి నువ్వు రావద్దు" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. చేతి సంగతి నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఎలా మింగానో ఇప్పటికీ తెలీదు. బేస్ బ్యాండుది, నాది కాదు. దాన్ని ఉన్నచోటే పక్కకి పడుకోబెట్టి, టోపీ తీసుకుని బయటికి వచ్చేశాను. వారమంతా నేను పనిచేసే మాంసం కంపెనీలో పెట్టెలు మోస్తూ ఆయన్ని తిట్టుకున్నాను. తిడుతూనే ఆ నాలుగు చుట్లు నోట్లో తిప్పుకుంటున్నానని, పక్కవాడు "ఏంటా కూనిరాగం?" అనేదాకా గమనించలేదు.

శనివారం మోజెల్ మా ఇంటికి వచ్చింది. లోపలికి రాలేదు, మెట్ల దగ్గరే నిలబడింది.

"మూడు రోజులైంది, ఆయన ముద్ద ముట్టలేదు" అంది.

"నన్నేం చెయ్యమంటావొదినా? వెళ్ళగొట్టింది ఆయనేగా."

"ఆయనేలే. చేతి సంగతి వాళ్ళకి నేను చెప్పలేను, నిన్ను చెప్పమననూ. రేపు వచ్చి కూర్చో, అంతే. నువ్వు లేని ఆ పాట నేనొక్కదాన్నీ వినలేను."

వెళ్ళాను. ఆవిడ కోసం వెళ్ళానని నాకు నేను చెప్పుకున్నాను. నిమ్మరసం బల్ల పక్కన బెంచీ మీద, టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కొత్త బేసువాడు ఇంకా రాలేదు. నా బేస్ అలాగే పక్కకి పడుకుని ఉంది. మొదటి రెండు పాటలూ ఎప్పుడూ ఒకే శ్రుతిలో వాయించేవి కనక ఎలాగో గట్టెక్కాయి. అడుగు లేని గ్లాసులో పోసినట్టు పాట కారిపోతూనే ఉంది. జనానికి ఏదో తేడాగా ఉంది గానీ ఏంటో తెలీలేదు. ఎవరో వెనకనుంచి 'ఆదివారం వాకిలి' అడిగారు. ఇంకొందరు అడిగారు. డీకన్ కాదనలేకపోయాడు.

కుడిచేత్తో మొదలుపెట్టాడు. అందమైన వరస అది, ఎండలో ఆకు రాలుతున్నట్టు ఒక్కొక్కటే దిగుతుంది. కింద పట్టుకునేది లేదు. ఒక చుట్టు తిరిగింది. రెండు తిరిగాయి. పర్విస్ ట్రంపెట్ పెదాలకి ఆనించి, ఎడమచెయ్యి ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తున్నాడు. అది మొదలవకుండా లెక్క ఎక్కణ్ణుంచి పెట్టుకోవాలో వాళ్ళకి తెలీదు. ఐదు చుట్లు, ఆరు చుట్లు. జంటలు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని కదలకుండా నిలబడిపోయారు. కల్లో ఎంత నడిచినా ఇల్లు రాదే, అలా ఉంది. నా చేతులు టోపీని నలిపేస్తున్నాయి.

డీకన్ ఆపేశాడు. కుడిచేత్తో ఎడమచేతి మణికట్టు పట్టుకుని ఎత్తాడు. ఎత్తి, అందరికీ కనబడేలా పియానో మీద పెట్టాడు. అది చేతిరుమాల్లా పడి ఉంది.

"ఇది క్రిస్మస్ నుంచీ చస్తూ వచ్చింది" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఇన్ని వారాలుగా మీరు విన్న ఎడమచెయ్యి నాది కాదు. అదుగో, నిమ్మరసం బల్ల పక్కన టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పోయిన ఆదివారం నేనే దాన్ని నరికేసుకున్నాను. భయపడి." కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "హోసియా, తప్పు నాది. లేచి రారా."

రెండొందల మంది నావైపు తిరిగారు. నాకున్న తిక్కకి ఇంకాసేపు కూర్చుందామనిపించింది, అబద్ధం ఎందుకు. కానీ మోజెల్ గోడ దగ్గర నిలబడి శాలువా అంచు నోట్లో కుక్కుకుంటోంది. లేచాను. జనం దారిచ్చారు. పర్విస్ నాకంటే ముందే బేస్ లేపి నిలబెట్టాడు. దాని మీది దుమ్ము చేత్తో తుడిచి నాకు అందించాడు. వాడి భుజం మీద తట్టి నా చోట నిలబడ్డాను.

డీకన్ నాకేసి చూడలేదు. తలుపు ముందు నిలబడ్డవాడిలా తల వంచుకుని, ఎవరైనా తీస్తారేమోనని ఎదురుచూస్తున్నాడు. నేను మొదలుపెట్టాను. కుర్చీ ముందుకి వచ్చింది, వెనక్కి వెళ్ళింది, ఒక్క క్షణం ఆగింది. రెండో చుట్టులో ఆయన కుడిచెయ్యి వచ్చి చేరింది. జంటలు కదిలాయి. నాలుగో చుట్టు తిరిగేసరికి బాకాలన్నీ ఒక్కసారి లేచాయి, పర్విస్ అందరికంటే పైన ఉన్నాడు, నా పక్కన డీకన్ భుజాలు కదిలిపోతున్నాయి. ఏడుపు నాకూ ముంచుకొచ్చింది. కళ్ళు తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.