సీటు కింద నిమ్మకాయ

పాకాల పక్క పల్లెలో భారతమ్మ కొడుకు రూపేష్ లాన్సర్ కారు కొన్న రోజున ఊరు ఊరంతా చూడవచ్చింది. జపాను కారు. తెల్లగా, నున్నగా, కూర్చుంటే ఒళ్లు దిగబడిపోయే మెత్తటి సీట్లు. ఏడాది తిరక్కుండా రూపేష్ దాన్ని చిత్తూరులో జుల్ఫికర్ మెకానిక్ షెడ్డుకు తోలుకుపోయి ఆ సీట్లన్నీ పీకించాడు. ఏసీ పీకించాడు, కింద పరిచిన కార్పెట్ పీకించాడు. డ్రైవరుకు మాత్రం ఒక గట్టి సీటు బిగించి, చుట్టూ ఇనప గొట్టాలతో బోను కట్టించి, ఇంజను విప్పి ఏవేవో మార్పించి, తలుపుల మీద ఇంత లావు అంకెలు రాయించాడు. ఇప్పుడది గుర్రుమంటే వీధికుక్కలు ఊరు దాటిపోతున్నాయి.

"కారు కొని బోను చేసుకున్నోన్ని నీ కొడుకునే సూసినా" అని మొగుడు చెంగయ్య పొద్దస్తమానం సాధించేవాడు. భారతమ్మ మాత్రం కొడుకును ఒక్క మాట పడనిచ్చేది కాదు. కాకిపిల్ల కాకికి ముద్దు. పిల్ల కొన్న కారూ ముద్దే.

ఆ ముద్దంతా ఒక్క ప్రశ్నతో ఆవిరైపోయింది. ఆ బోనెందుకని ఆమె జుల్ఫికర్‌నే అడిగింది. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి, "బండి పల్టీ కొడితే తల పగలకుండా ఉండేదానికమ్మా" అన్నాడు. ఆనాటి నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు. ముందు కారుకు ఎండుమిరపకాయల దండ కట్టింది. "బరువు మా! బరువు తగ్గించేదానికే గదా అన్నీ పీకించింది" అని రూపేష్ నవ్వుతూ విప్పేశాడు. మిరపకాయలు బరువట! నవ్వినందుకు ఆమెకు ఒళ్లు మండింది.

శ్రీపెరంబుదూరు కార్ల పందేనికి ముందు శుక్రవారం ఆమె తిరుపతి గంగమ్మ గుడికి వెళ్లి, కుంకుమ బొట్టు పెట్టిన నిమ్మకాయ తెచ్చుకుంది. బరువనకుండా ఉండాలని బుట్టలో అన్నిటికన్నా చిన్నదాన్నే ఏరుకుంది పాపం. షెడ్డులో కారును లారీ ఎక్కించేందుకు అందరూ తాళ్లు సర్దే హడావిడిలో ఉండగా, మెల్లగా చెయ్యి దూర్చి డ్రైవరు సీటు కిందికి తోసేసింది. ఇంక అమ్మవారే చూసుకుంటుందని నిశ్చింతగా కోడలు రేవతితో కలిసి తానూ పందేనికి బయల్దేరింది.

పందెం మొదలైంది. కార్లన్నీ ఒక్కసారిగా ఎగబడితే చెవులు చిల్లులు పడ్డాయి. భారతమ్మకు అన్నీ ఒకేలా కనబడుతున్నాయి. కొడుకు కారేదో రేవతి వేలు పెట్టి చూపించింది. మొగుడి పందేలు చూసి చూసి ఆ పిల్లకు సగం మెకానిక్ పని వచ్చేసింది.

"అంత జోరుగా తిరుగుతా ఉంటే లోపలుండే సామాన్లు ఎగిరి పడవా రేవతీ?"

"లోపల ఏముండాది అత్తా, ఉత్త రేకే గదా. ఒక్క నట్టు గూడా ఇడిగా ఉండకూడదు. మలుపులో దొర్లి బ్రేకు కింద పడిందనుకో, తొక్కినా దిగదు. ఇంక అంతే."

భారతమ్మకు అప్పుడు తట్టింది. కార్పెట్ లేదు. ఉత్త రేకు. దాని మీద గుండ్రటి నిమ్మకాయ. తన చేత్తో, తానే పెట్టింది. కొడుకును కాపాడమని అమ్మవారిని అడిగి, వాడి కాలికిందికి చావును తోసి వచ్చింది. అదే సమయానికి తెల్ల కారు మలుపు దగ్గర ఒక పక్కకు ఒరిగి, మళ్లీ సర్దుకుని పోయింది. ఆమె ఇంకక్కడ నిలబడలేదు.

చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని జనం కూర్చునే మెట్లు దిగి, గేటు దగ్గర కాపలావాడు తమిళంలో ఏదో అరుస్తున్నా వినిపించుకోకుండా, కార్లు బాగుచేసే చోటికి పరుగెత్తింది. జుల్ఫికర్ తలకు తువ్వాలు చుట్టుకుని ట్రాక్ వైపు చూస్తున్నాడు.

"ఆపబ్బా! పందెం ఆపు!"

ఆ మోతలో అతనికేమీ వినబడలేదు.

"నిమ్మకాయ!" అని గొంతు చించుకుంది. "సీటు కింద నేనే పెట్టినా! నా బిడ్డ సచ్చిపోతాడు, ఆపబ్బా!"

చుట్టుపక్కల వాళ్లంతా తిరిగి చూశారు. జుల్ఫికర్ ఆమెను చెయ్యి పట్టుకుని ఒక టైరు మీద కూర్చోబెట్టాడు. "లేదమ్మా, అది లోపల లేదు. పందేనికి ఇడిసే ముందర నేను లోపల కూసోని, కండ్లు మూసుకోని రేకంతా అరచేత్తో తడువుతా. కంటికంటే చేతికే బాగా తెలుస్తాది. అప్పుడే దొరికింది. తీసేసినా."

పోయిన ప్రాణం లేచివచ్చింది. ఇద్దరు ముగ్గురు నీళ్లు తెచ్చారు. తాగి, కొంగుతో మొహం తుడుచుకున్నాక భారతమ్మకు కొత్త బెంగ పట్టుకుంది. "పారేసినావా అబ్బా? అమ్మవారి కాయ..."

"కుంకం సూస్తానే నీ పనేనని తెలిసింది. పారేసేదానికి చెయ్యి రాలే. కడిగి, రూపేష్ అన్నకిచ్చే నీళ్లలో పిండేసినా. కొడుకు ఎంట ఉండాలనే గదా పెట్టినావు? ఉండాది పో, కడుపులో ఉండాది."

భారతమ్మ నవ్వింది. నవ్వుతూనే భోరుమని ఏడ్చింది. రెండూ ఒకేసారి వస్తుంటే ఏది ఆపుకోవాలో ఆమెకు తెలియలేదు.

పందెం ముగిసి రూపేష్ హెల్మెట్ తీసేసరికి జుట్టంతా చెమటకు అంటుకుపోయి ఉంది. ఆరోవాడిగా వచ్చాడు. ఆమె వెళ్లి వాడి మొహం, మెడ, భుజాలు, చేతులు, ఎముకలన్నీ ఉన్నాయో లేవో చూసుకుంటున్నట్టు తడిమింది. ఓడిపోయినందుకే అమ్మ ఏడుస్తోందనుకున్నాడు పిచ్చివాడు.

"ఏడవొద్దు మా. వచ్చేసారి గెలుస్తాలే."

"గెలువు, గెలవకపో" అంది భారతమ్మ ముక్కు చీదుకుంటూ. "వచ్చేసారి గూడా నన్ను పిలుసుకోని రా నాయనా. ఈసారి ఉత్త చేతులతో వస్తా."