పడుకోబెట్టి తీసిన లెక్క

"ఐదు నిమిషాలు కదలకమ్మా," అన్నాడు సేఫ్టీ సారు, క్రేనక్క చేతికి వాచీ తొడుగుతూ. అప్పటికే ఛాతీకి పట్టీ కట్టుకుని ఉంది. రేకుల గదిలో చెక్కబల్ల మీద వెల్లకిలా పడుకుని, పైకప్పుకేసి చూస్తూ ఉండిపోయింది.

పదిహేడేళ్లుగా టవర్ క్రేన్ నడుపుతున్న మనిషి ఆవిడ. యాభై ఒకటో ఏడు నడుస్తోంది. నలభై ఎనిమిది మీటర్ల ఎత్తున అద్దాల గదిలో కూర్చుని టన్నుల ఇనుమును పూలబుట్ట దించినంత మెత్తగా దించుతుంది. అసలు పేరు ఆఫీసు కాగితాల్లో ఉంది గానీ సైట్‌లో ఎవరికీ గుర్తులేదు. మేస్త్రీల దగ్గర్నుంచి ఇంజనీర్ల దాకా అందరికీ క్రేనక్కే.

గది గోడ అవతల కాంక్రీటు కలిపే మిల్లరు గడగడలాడుతోంది. పనిలో ఉండగా ఉన్నపళాన కిందకి రమ్మని పిలిచారు. నిచ్చెన దిగి వచ్చిన చెమట ఇంకా ఆరనేలేదు. ఆ కబురు పెట్టిన తీరుకు కోపం కూడా చల్లారలేదు.

వాచీ కీచుమంది. సేఫ్టీ సారు చూసి పెదవి విరిచాడు.

"ఇరవై మూడు. బలహీనం అని వచ్చింది. ఇరవై ఎనిమిది దాటనివాళ్లు ఎత్తు ఎక్కకూడదని కొత్త రూలు."

"ఏమిటా ఇరవై మూడు?"

"కష్టపడేటప్పుడు నీ ఒళ్లు ఎంత ప్రాణవాయువు వాడుకోగలదో చెప్పే అంకె."

"పడుకున్నదాన్ని చూసి, ఎక్కితే ఏమవుతానో చెప్పేసిందా? జాతకం చెప్పేవాడు కూడా కాసేపు చెయ్యి చూస్తాడు సార్."

బయట తమ వంతు కోసం నిలబడ్డవాళ్లు నవ్వారు. సారుకు ఒళ్లు మండింది. "మెషీను అబద్ధం చెప్పదమ్మా," అంటూ ఒక చీటీ, ఒక కాగితం చేతిలో పెట్టాడు. చీటీలో వాచీ లెక్క. కాగితంలో రేపట్నుంచి ఆవిడ సామాను గదిలో హెల్మెట్లు ఇచ్చి పుచ్చుకునే పని చూడాలని ఉంది. కింద సంతకానికి గీత.

క్రేనక్క చదివింది. నాలుగు మడతలు పెట్టింది. "సంతకం పెట్టను," అంది.

"పెట్టకపోతే రేపు గేటు దగ్గరే ఆపేస్తారు."

"ఆపండి. గేటు దగ్గరే నిలబడతాను. అందరూ చూస్తారు."

పైకి అలా అన్నది గానీ, ఇంటికి వెళ్లే దారంతా మనసు మనసులో లేదు. వాళ్లక్క సరిగ్గా ఈ వయసులోనే గుండెజబ్బుతో మంచం పట్టింది. వాచీ నిజమే చెప్పిందేమో? ఇన్నాళ్లూ తనే మొండిగా ఒంటిని ఈడ్చుకొస్తోందేమో? ఆ మాట ఎవరితోనూ అనలేకపోయింది. గడపలో అడుగుపెడుతూనే ఆడపడుచు కనిపిస్తే ప్రాణం లేచి వచ్చింది.

ఆడపడుచు ఆస్పత్రిలో టెక్నీషియను. రోగుల మూతికి మాస్కు బిగించి, కదిలే పట్టా మీద నడిపించి, వాళ్ల ఊపిరి కొలవడమే ఆమె పని. వదినామరదళ్లిద్దరూ కలిస్తే ఒకరినొకరు దెప్పుకోకుండా నీళ్లయినా తాగరు.

"ఏమిటి వదినా, మొహం అలా మాడ్చుకున్నావు? క్రేను పడిపోయిందా?"

"నన్నే పడేశారు," అని చీటీ చేతిలో పెట్టింది.

ఆమె చీటీ చదివి కనుబొమలు ముడిచింది. "ఈ వాచీ నీ ఊపిరిని కొలవదు వదినా. ఊరికే పడుకున్నప్పుడు గుండె ఎలా కొట్టుకుంటోందో చూస్తుంది. దానికి వయసు, ఎత్తు, బరువు, రోజూ ఎంత కష్టం చేస్తావో కలుపుకుని, నీలాంటివాళ్లకు మామూలుగా ఇంత ఉంటుందని ఊహిస్తుంది. వందమందికి సగటు తీస్తే దగ్గరగానే ఉండొచ్చు. ఒక్క మనిషి దగ్గరికి వచ్చేసరికి బాగా తప్పొచ్చు. పైగా పరుగున దిగొచ్చి, కోపంగా, ఆ రొదలో పడుకున్నావాయె. అవునూ, రోజూ ఎంత కష్టం చేస్తావని నిన్ను అడిగారా?"

"ఎవరూ ఏమీ అడగలేదే."

"మరి ఇక్కడేం రాసుందో చూడు. పని: కూర్చుని చేసేది. వ్యాయామం: లేదు."

క్రేనక్క నోరు వెళ్లబెట్టింది. కూర్చునే మాట నిజమే. కానీ ఆ కుర్చీ ఉన్నది నూట అరవై ఇనుప మెట్ల పైన. రోజుకు రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగుతుంది. ఆదివారాలు వీధి చివర మైదానంలో అమ్మలక్కలతో కబడ్డీ కూడా ఆడుతుంది. ఎవరో కుర్చీ ఒక్కటే చూసి మీట నొక్కేశారు.

"మా బాబాయికి నలభై ఒకటి వచ్చిందే," అంది ఉన్నట్టుండి. బాబాయి అంటే చుట్టం కాదు, కింద నుంచి జెండాలూపి ఆవిడకు సైగలిచ్చే పెద్దాయన. అరవైకి దగ్గరపడ్డాడు. "అత్యుత్తమం అట! రేపట్నుంచి క్రేను చివరిదాకా ఎక్కి గ్రీజు పెట్టే పని ఆయనకిచ్చారు. ఊరంతా చాటుకుంటున్నాడు."

"ఆయన మందులేమైనా వాడతాడా?"

క్రేనక్కకు గుర్తొచ్చింది. అన్నం తినగానే బీపీ మాత్ర ఒకటి గుటుక్కున మింగుతాడు.

"ఏ మాత్రో చూడనిదే చెప్పలేను గానీ, కొన్ని బీపీ మందులు గుండె వేగాన్ని తగ్గిస్తాయి. వాచీకి ఆ సంగతేం తెలుసు? నెమ్మదిగా కొట్టుకుంటోంది కదా, భలే సాధన చేసిన గుండె అనుకుంటుంది."

క్రేనక్క లేచి నిలబడింది. "నన్ను రేపు మీ ఆస్పత్రికి తీసుకెళ్లు. ముందు నా సంగతి తేలాలి. ఆ మాస్కు కూడా చేతకాదంటే నేనే దిగిపోతాను. ఈ కాకిలెక్కకు మాత్రం దిగను."

మర్నాడు సెలవు పెట్టి వెళ్లింది. డాక్టరు గుండె పరీక్షించి సరేనన్నాక మాస్కు బిగించారు. పట్టా మొదట తిన్నగా కదిలింది, తర్వాత ఏటవాలుగా లేచింది, ఇంకా లేచింది. కాళ్లు నిప్పుల్లా మండాయి. ఆడపడుచు పక్కన నిలబడి, "నాతో కీచులాడేటప్పుడున్న ఊపిరంతా ఏమైంది వదినా!" అని ఎగదోసింది. మాస్కులోపల నవ్వొచ్చి, ఇంకో నిమిషం లాగింది.

"ముప్పై ఒకటి," అన్నాడు డాక్టరు. "మీ వయసుకు బాగుంది. అలాగని పాతికేళ్లదాన్ననుకోకండి." ఆ అంకె, ఎత్తు ఎక్కవచ్చన్న మాట కాగితం మీద రాసిచ్చాడు.

తెల్లారి గేటు దగ్గర డాక్టరు కాగితం చూపించి లోపలికొచ్చి, పని మొదలవకముందే బాబాయిని సామాను గది వెనక పట్టుకుంది. ముందు రోజు వాన పడి గ్రీజు పని వాయిదా పడిందట. ఇవాళ ఎక్కాలి. నడుముకు బెల్టు బిగించుకుంటున్నాడు. ఆవిడ మాత్ర సంగతి ఎత్తగానే ఆయన మొహం జేవురించింది.

"నీ పని పోయిందని నా పనికి ఎసరు పెడతావా అమ్మాయ్?"

"నీ పని పోతే నా పనితో పాటే దానికీ పోట్లాడతాను బాబాయ్. నువ్వు అంతెత్తు నుంచి కళ్లు తిరిగి పడితే, ఎవరితో పోట్లాడను?"

ఆయన బెల్టు బిగించడం ఆపాడు. "మెట్లెక్కితే కాస్త తూలినట్టుంటోంది. నిజమే," అన్నాడు చివరికి, చెప్పులకేసి చూస్తూ.

ఉదయం హాజరుకు అందరూ వరుసగా నిలబడ్డారు. సైట్ పెద్ద ఇంజనీరమ్మ కూడా వచ్చింది. క్రేనక్క వరుస దాటి ముందుకొచ్చింది.

"మేడమ్, సారు మళ్లీ ఒక్కసారి వాచీ కట్టాలి. ఈసారి నేను చెప్పింది రాసి కట్టాలి."

సేఫ్టీ సారు ఒంటికాలి మీద లేచాడు. ఇంజనీరమ్మ చెయ్యెత్తి ఆపింది. "కట్టండి. ఐదు నిమిషాలే కదా."

మిల్లరు ఆపించింది. క్రేనక్క అదే బల్ల మీద పడుకుంది. 'వ్యాయామం లేదు' తీసేసి 'బాగా ఎక్కువ' అని పెట్టించింది. వాచీ కీచుమంది.

"ముప్పై," అని చదివాడు సారు.

"రెండు రోజుల్లో ఏడు పెరిగాను. ఇంకో వారం పడుకుంటే ఒలింపిక్స్‌కు పంపేలా ఉన్నారు," అంది లేచి కూర్చుంటూ. నవ్వులు ఆగాక డాక్టరు కాగితం ఇంజనీరమ్మకు ఇచ్చింది. "ఇది పట్టా మీద నడిపించి కొలిచింది మేడమ్. వాచీది ఊహించి చెప్పింది."

అప్పుడు ఎవరూ పిలవకుండానే బాబాయి ముందుకొచ్చాడు. జేబులోంచి మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టాడు. "నలభై ఒకటి నాది కాదమ్మా. ఈ మాత్రదేమో! నాకు మెట్లెక్కితే కళ్లు తిరుగుతున్నాయి."

ఎవరూ నవ్వలేదు. సేఫ్టీ సారు ఆ అట్టకేసి, బాబాయి నడుముకున్న బెల్టుకేసి చూశాడు. ఇంకో పావుగంటలో ఆయన ఎక్కవలసినవాడు.

"తలుపు మీద అంటించిన ఆ వాచీ అంకెల లిస్టు తీసేయండి," అంది ఇంజనీరమ్మ. "ఎత్తు ఎక్కేవాళ్లందరూ, పాసైనవాళ్లూ కానివాళ్లూ, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పెద్దాయన కిందే, తన జెండాల దగ్గరే ఉంటారు. ఈవిడ ఎక్కొచ్చని డాక్టరు రాసిచ్చాడు, ఇదిగో చూడండి."

"చూశాను మేడమ్," అన్నాడు సారు. తర్వాత క్రేనక్క దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "తప్పు నాదేనమ్మా. అడగకుండా రాశాను. కానీ ఆ బదిలీ కాగితం ఫైల్లోకి తిరిగి రావాలి. చదివానని ఒక్క సంతకం..."

ఆవిడ కాగితం మడతలు విప్పింది. సంతకానికి గీసిన గీత మీద, 'అడగలేదు, కొలవలేదు, ఒప్పుకోలేదు' అని రాసిచ్చింది.

హెల్మెట్ పెట్టుకుని నిచ్చెన దగ్గరికి నడిచింది. బాబాయి పచ్చజెండా ఊపాడు. ఒక్కో మెట్టే ఎక్కుతూ సగం దూరంలో ఉన్న అరుగు మీద ఆగింది. కింద నుంచి సేఫ్టీ సారు ఎండకు కళ్ల మీద చేయి అడ్డం పెట్టుకుని ఆత్రంగా చూస్తున్నాడు.

"ఊపిరి తీసుకుంటున్నా సార్!" అని కేకేసింది. "అది కూడా రాసుకోండి!"

తీరిగ్గా రెండు గుక్కలు మంచినీళ్లు తాగి, సీసా మూత బిగించి, మళ్లీ ఎక్కసాగింది.